విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర రెండ్రోజుల లీడర్‌షిప్ వర్క్‌షాప్: మొదటి రోజు దండగ, రెండో రోజుకి మాత్రం దండం

ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రోగ్రాం పెట్టినవాళ్ల పేరు రాయను. తిట్టాల్సింది కాస్త ఎక్కువే ఉంది, పేరు రాస్తే రోజూ ఫోన్ చేసి ఆ రివ్యూ తీసెయ్యండి సార్ అని ప్రాణం తీస్తారు, ఆ గోల నాకొద్దు. మీకూ వాట్సాప్‌లో ఇలాంటి పోస్టర్ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటది, కోటేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ ఒకాయన, పక్కన సింహం బొమ్మ. అదే బాపతు.

నేనెందుకు వెళ్లానంటే, మాది ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్. నాన్న, బాబాయ్ కలిసి పెట్టారు. వెల్డర్లు, కార్పెంటర్లు, పెయింటర్లు, హెల్పర్లు అంతా కలిపి ఇరవై రెండు మంది. నాన్నకి మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక రావడం తగ్గించేశాడు, సగం పెత్తనం నా నెత్తిన పడింది. నాకేమో గొంతు లేదు. మా బాబాయ్ గేటు దగ్గర దగ్గితే చాలు లోపల నలుగురు సెల్‌ఫోన్లు జేబులో పెట్టేస్తారు, నేను పక్కన నిలబడి రెండుసార్లు చెప్పినా "చేద్దాంలే బాబూ" అంటారు, చెయ్యరు. ఒకరోజు పార్టీ డెలివరీ తీసుకోడానికి వచ్చేసరికి వెనక డోర్‌కి ఇంకా రంగే పడలేదు, ఆయన ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆ సాయంత్రం బాబాయ్ ఈ పోస్టర్ ఫార్వర్డ్ చేసి "ఏరా, నువ్వు చెప్తే టీ కూడా తెచ్చేట్టు లేరు, ఇదేదో చూడరాదూ" అన్నాడు. డబ్బులు షెడ్ ఖాతాలో, కాబట్టి వెళ్లా.

ఫీజు దగ్గర మొదటి చికాకు. పోస్టర్ మీద 7,500 అని ఇంత లావు అక్షరాలు, అక్కడికెళ్లి డెస్క్ దగ్గర ఫోన్ తీస్తే జీఎస్టీ 18 శాతం కలిపి 8,850 అన్నారు. జీఎస్టీ కట్టడానికి నాకేం బాధ లేదు, మేమూ బిల్లేస్తాం, కానీ ముందు చెప్పాలిగా. పార్కింగ్ లేదు, రెండు సందులవతల బండి పెట్టి నడిచొచ్చా. హాల్లో ఏసీ మాత్రం ఎంత చల్లగా పెట్టారంటే రెండో రోజు నేను ఫుల్ చేతుల చొక్కా వేసుకెళ్లా. భోజనం పర్లేదు, గోంగూర పచ్చడి నిజంగా బాగుంది, పన్నీర్ కూర మాత్రం వద్దు. వచ్చినవాళ్లు నలభై మంది దాకా, రియల్ ఎస్టేట్, కాలేజీల అడ్మిన్లు, ఇద్దరు డాక్టర్లు, గుంటూరు నుంచి మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూసే ఒకావిడ, ఆటోనగర్ నుంచి నేనొక్కణ్ణే.

మొదటి రోజు ట్రైనర్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. చెవికి మైకు, హాలంతా నడుస్తాడు, మధ్యమధ్యలో మన చేత చప్పట్లు కొట్టిస్తాడు, పక్కవాడికి హైఫైవ్ ఇమ్మంటాడు. లీడర్ అంటే విజన్, ప్యాషన్, కాన్ఫిడెన్స్, కరిష్మా, ఇవే మాటలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పి తిప్పి. ఎగ్జాంపుల్స్ స్టీవ్ జాబ్స్, ధోని, మళ్లీ స్టీవ్ జాబ్స్. మా షెడ్‌లో వెల్డింగ్ రాడ్లు అయిపోయి స్టోర్ తాళం చెవి ఉన్నవాడు పెళ్లికెళ్తే స్టీవ్ జాబ్స్ ఏం చేసేవాడో మాత్రం చెప్పలేదు. పదకొండింటికి ఒక టెస్టు ఇచ్చారు, నలభై ప్రశ్నలు, నేను నలుగురిలో ముందు మాట్లాడతాను అవును కాదు, పార్టీల్లో కొత్తవాళ్లని నేనే పలకరిస్తాను అవును కాదు, ఇలాంటివి. నా రిజల్టు: లీడర్‌షిప్ పొటెన్షియల్ 41 శాతం, టైపు "సపోర్టర్". నా పక్కన కూర్చున్న రియల్ ఎస్టేట్ ఆయనకి 92. నిజం చెప్పాలంటే ఆ 41 చూసి మధ్యాహ్నం దాకా మనసు బాలేదు, ముప్పై ఆరేళ్ల వయసులో ఒక జిరాక్స్ కాగితం నన్ను ఫెయిల్ చేసింది.

లంచ్ తర్వాత ఒక యాక్టివిటీ. ఇది కొంచెం వివరంగా చెప్పాలి ఎందుకంటే మర్నాడు మొత్తం కథ దీని చుట్టూనే తిరిగింది. ఆరుగురికి ఒక టీం, ఇరవై స్పగెట్టి పుల్లలు (సన్నటి ఎండు నూడుల్స్ లాంటివి), గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మల్లో (మెత్తటి మిఠాయి), పద్దెనిమిది నిమిషాల్లో ఎత్తైన టవర్ కట్టి పైన ఆ మార్ష్‌మల్లో నిలబెట్టాలి. మా టీంలో 92 ఆయన, కోల్డ్ స్టోరేజీ ఆవిడ, నేను, ఇంకో ముగ్గురు. 92 ఆయన వెంటనే లేచి నిలబడి నువ్వు టేపు కట్ చెయ్యి, నువ్వు దారం పట్టుకో అని మొదలెట్టాడు, పద్దెనిమిది నిమిషాల్లో పదిహేను నిమిషాలు ఆయన గొంతే వినపడింది. నాలుగో నిమిషంలోనో ఐదో నిమిషంలోనో ఆవిడ మెల్లగా "అండీ, ఆ మిఠాయి బరువుంది, ముందే ఒకసారి పైన పెట్టి చూద్దామా" అంది. ఎవ్వరూ పట్టించుకోలా. నేను విన్నా, నేనూ ఏం మాట్లాడలా. ఆఖరి నిమిషంలో మార్ష్‌మల్లో పెట్టగానే టవర్ నడుము వంగి టేబుల్ మీద పడిపోయింది. ఇక్కడ తమాషా చూడండి, తర్వాత ఓటింగ్ పెట్టారు, మీ టీంలో బెస్ట్ లీడర్ ఎవరని. ఆరులో ఐదు ఓట్లు 92 ఆయనకే, అందులో ఒకటి నాది. ఆయనకి ట్రైనర్ స్టేజీ మీద బంగారు రంగు స్టార్ అతికించాడు. టవర్ పడిపోయిన సంగతి ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రం ఇంటికొచ్చి ఇక రెండో రోజు వెళ్లొద్దులే అనుకున్నా. బాబాయ్ "డబ్బులు కట్టాంగా, గోంగూరన్నా తిని రా" అన్నాడు. ఆ మాట పుణ్యమా అని వెళ్లా.

రెండో రోజు వచ్చినాయన వేరు. రిటైరైన మేనేజ్‌మెంట్ లెక్చరర్ అట, హాఫ్ చేతుల చొక్కా, జేబులో మూడు పెన్నులు, మైకు వద్దన్నాడు, పీపీటీ లేదు, బోర్డు మీద మార్కర్‌తో రాశాడు, దస్తూరీ మాత్రం ఘోరం. మొదటి మాటే "నిన్న టవర్లు కట్టారట కదా, పడిపోయిన టీంలో మార్ష్‌మల్లో ముందే పెట్టి చూద్దాం అన్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా" అని. మా ఆవిడ (అంటే మా టీం ఆవిడ, మా ఇంట్లో ఆవిడ కాదు) చెయ్యెత్తడానికి కూడా మొహమాటపడింది, నేనే చూపించా. అప్పుడు 92 ఆయన కూడా నవ్వేశాడు, మనిషి మంచోడే.

అక్కణ్ణుంచి ఆయన చెప్పిందాంట్లో నాకు అర్థమైనంత వరకు రాస్తా. లీడర్లు పుడతారు, తయారుకారు అన్న మాట పాతది, 1840ల్లో కార్లైల్ అనే స్కాట్లాండ్ ఆయన చరిత్ర అంటే గొప్పవాళ్ల జీవితకథలే అన్నట్టు చెప్పాడు, దాన్నే గ్రేట్ మ్యాన్ థియరీ అంటారు. తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అయితే ఆ గొప్ప గుణాలేంటో కొలుద్దాం అని బయల్దేరారు, ఎత్తు, తెలివి, మాటకారితనం అన్నీ కొలిచారు. 1948లో స్టాగ్‌డిల్ అనే ఆయన 1904 నుంచి 1947 దాకా వచ్చిన 124 స్టడీలు ముందేసుకుని చూస్తే, ఈ గుణాలుంటే చాలు ఎక్కడైనా లీడరే అనే లిస్టు ఒక్కటీ తేలలేదు. ఒకచోట పనికొచ్చింది ఇంకోచోట పనికి రాలేదు. అలాగని గుణాలు దండగ అని కూడా ఆయన అనలేదు, గుణం ఒక్కటే చూడకు, అక్కడి పనీ, అక్కడి మనుషులూ కూడా చూడు అన్నాడంతే. దీన్ని చాలామంది సగమే చెప్తారు అని లెక్చరర్ గారు రెండుసార్లు నొక్కి చెప్పారు.

మళ్లీ 1991లో కిర్క్‌పాట్రిక్, లాక్ అని ఇద్దరు, గుణాలకి విలువుంది బాబూ అని ఆరు చెప్పారు, పట్టుదల, నడిపించాలన్న కోరిక, నిజాయితీ, తన మీద తనకి నమ్మకం, బుర్ర, చేసే వ్యాపారం తెలిసుండడం. ఇవుంటే లీడర్ అయిపోతావని కాదు, ఇవి పెట్టుబడి లాంటివి, దాంతో ఏం చేస్తావన్నది వేరే. ఈ ఆరూ రాసుకుంటుంటే రెండో దాని దగ్గర నా పెన్ను ఆగింది. నడిపించాలన్న కోరిక. ఇన్నాళ్లూ నాకు గొంతు లేదు గొంతు లేదు అనుకుంటున్నా గానీ, అసలు నాకు పెత్తనం చెయ్యాలన్న ఇష్టమే లేదేమో, నాన్న పడేశాడు కాబట్టి చేస్తున్నానేమో. ఈ మాట బాబాయ్‌కి ఇంకా చెప్పలేదు.

ఇక అసలు సరుకు ఇక్కడుంది. 2002లో జడ్జ్ అనే ప్రొఫెసర్, ఆయన టీం కలిసి మనిషి స్వభావాన్ని ఐదు ముక్కలుగా చేసే బిగ్ ఫైవ్ అనే లెక్కతో పాత స్టడీలన్నీ కలిపి చూశారు. వాళ్లు రెండు విడివిడిగా కొలిచారు, నలుగురిలో ఎవరు లీడర్‌గా కనపడతారు అనేది ఒకటి, లీడర్ అయినవాడు ఎంత బాగా నడుపుతాడు అనేది ఇంకొకటి. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పక్కా అనుకోండి. నలుగురిలో కలిసిపోయి గలగలా మాట్లాడే గుణానికి లీడర్‌గా కనపడ్డంతో 0.33, బాగా నడపడంతో 0.24. ఎదుటోడి మాట వినే మంచితనానికి లీడర్‌గా కనపడ్డంతో 0.05, అంటే లేనట్టే, కానీ బాగా నడపడంతో 0.21. బోర్డు మీద ఆ 0.05 చుట్టూ ఎర్ర మార్కర్‌తో సున్నా చుట్టి "నిన్న మీ ఓట్లు ఇవి" అన్నాడాయన. హాలు గప్‌చిప్. ఇవన్నీ చిన్న అంకెలే, వీటిని పట్టుకుని ఒక మనిషి జాతకం చెప్పకూడదు, 41, 92 అని మార్కులెయ్యడానికి అస్సలు పనికిరావు అని కూడా అన్నాడు. నా జిరాక్స్ కాగితం అక్కడే మడిచి వాటర్ బాటిల్ కింద పెట్టేశా, చెమ్మకి బాటిల్ జారకుండా.

ఎవరికైనా మీకు తెలిసిన ఎగ్జాంపుల్ ఉందా అని అడిగితే నేను లేచా, నలభై మందిలో నేను లేవడం అదే మొదలు. మా ఇల్లు సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు నీళ్లు వచ్చినరోజు గుర్తుంది కదా. మా అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోర్ మునిగింది, కరెంటు లేదు, లిఫ్ట్ లేదు, మోటార్ లేదు. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు బాల్కనీలో నిలబడి ఫోన్లో ఛార్జింగ్ ఉన్నంతసేపు ఎవరెవరికో వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు, ఆయనకి అందరూ తెలుసు. మూడో ఫ్లోర్‌లో ఒక టైలర్ అన్న ఉంటాడు, ఎప్పుడూ మీటింగ్‌కి కూడా రాడు. ఆయన కొలతలు రాసుకునే పుస్తకం పట్టుకుని ఫ్లాట్ ఫ్లాట్‌కి తిరిగాడు, ఎవరింట్లో పసిపిల్లలున్నారు, ఎవరు షుగర్ ఇంజెక్షన్ వేసుకుంటారు, ఎవరింట్లో గ్యాస్ ఉంది, అన్నీ రాసుకున్నాడు. టెర్రస్ ఎక్కి ట్యాంకులో నీళ్లు కర్ర ముంచి చూసి, వాల్వ్ కట్టేసి, ఇంటికి పూటకి రెండు బిందెలు అన్నాడు, ఒక్కరు ఎదురు చెప్పలా. పడవలో పాల ప్యాకెట్లొస్తే పుస్తకం చూసి పిల్లలున్న ఇళ్లకే ముందు పంపాడు. నీళ్లు తగ్గాయి. తర్వాత అసోసియేషన్ ఎన్నిక జరిగింది. పాత ప్రెసిడెంటే గెలిచాడు, టైలరన్న పేరు ఎవరికీ తట్టను కూడా తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇది చెప్తుంటే నాకే కొంచెం సిగ్గేసింది.

ఇంకో ముక్క మా బాబాయ్‌కి సరిగ్గా అతికింది. 1939లో అమెరికాలో లెవిన్, లిప్పిట్, వైట్ అని ముగ్గురు పదేళ్ల పిల్లల్ని ఐదుగురేసి క్లబ్బులుగా చేసి, ఒక పెద్దాయన అన్నీ తనే ఆర్డరేసేట్టు, ఇంకో పెద్దాయన పిల్లల్ని అడిగి చేసేట్టు, ఇంకొకాయన మీ ఇష్టం అని వదిలేసేట్టు పెట్టి చూశారు. ఆర్డర్లేసే ఆయన ఎదురుగా ఉన్నంతసేపు పని బాగానే నడిచింది, గది దాటి బయటికెళ్లగానే పిల్లలు పని వదిలేశారు. అడిగి చేయించే ఆయన వెళ్లినా పని సాగింది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మా షెడ్‌లో బాబాయ్ టీ తాగడానికి సెంటర్‌కి వెళ్తే మొదట గ్రైండర్ ఆగుద్ది, తర్వాత వెల్డింగ్ ఆగుద్ది, ఆఖరికి ఎవడో సెల్‌లో పాటలు పెడతాడు, బాబాయ్ బుల్లెట్ బండి సౌండ్ వినపడగానే అన్నీ అదే వరసలో మళ్లీ మొదలు. ముప్పై ఏళ్లుగా ఇదే. దీని మీద 1939లోనే స్టడీ ఉందని ఎవరికి తెలుసు.

ఫీడ్లర్ అనే ఆయన టెస్టు ఒకటి చేయించారు. ఇప్పటిదాకా పని చేసినవాళ్లలో మీరు అస్సలు కలిసి పనిచెయ్యలేనివాణ్ణి ఒకణ్ణి తల్చుకోండి, వాడికి మార్కులెయ్యండి అని. నేను మా పెయింటర్‌ని తల్చుకుని, ఒకటి ఒకటి రెండు ఒకటి అని కసిగా వేసేశా. అన్నీ కూడాక చెప్పారు, ఈ మార్కులు అతనివి కావు, మీవి. నచ్చనివాడిలో కూడా మంచి చూసి మార్కులేసేవాడు మనుషుల మీద నడుస్తాడు, నాలాగ వేసేవాడికి పని ముందు. ఏది మంచిది అని లేదు, పరిస్థితి పూర్తిగా చేతిలో ఉన్నప్పుడు, పూర్తిగా చెయ్యి దాటినప్పుడు పని ముందనేవాడు నడపగలడు, మధ్యరకంలో మనుషుల మనిషి నయం. నేనేదో మెత్తటోణ్ణి అనుకుంటున్నా, కాదట. ఈ థియరీ మీద విమర్శలు కూడా బానే ఉన్నాయని ఆయనే చెప్పాడు, నాకు మాత్రం ఆ మార్కుల కాగితం చూసుకోడం పనికొచ్చింది.

కరిష్మా గురించి ఆయన స్టీవ్ జాబ్స్ దాకా వెళ్లలేదు, చీరాల వెళ్లాడు. చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్లకి తాళాలేసి ఊరవతల పాకలేసుకుని దాదాపు 11 నెలలున్నారు. ఆయన రామదండు వాలంటీర్లు, ఆయన పద్యాలు, ఆయన హాస్యం, మనిషి ఆకర్షణ అంటే అది. కానీ ఆయన్ని జైల్లో పెట్టాక ఉద్యమం నీరసపడి ఆగిపోయింది. మనిషి మీద నిలబడ్డ పని మనిషి లేకపోతే ఎలా నిలబడుద్ది అన్నది అడిగి వదిలేశాడు. ఈ ఊళ్లో రోజూ తిరుగుతూ ఆయన బిరుదుతో ఉన్న ఆంధ్రరత్న భవన్ పేరు వింటూనే ఉంటాం, నేను ఇన్నాళ్లూ అది కాంగ్రెస్ ఆఫీసు అనే అనుకున్నా, ఆంధ్రరత్న ఎవరో పట్టించుకోలేదు.

రెండో రోజులో లోపాలు లేవా అంటే ఉన్నాయి. లంచ్ తర్వాత టైం సరిపోక లీడర్‌షిప్ మీద రాసిన బర్న్స్, బాస్, గ్రీన్‌లీఫ్ అనే వాళ్లందరినీ పావుగంటలో పరిగెత్తించారు, 1970లో గ్రీన్‌లీఫ్ లీడర్ ముందు సేవకుడు అన్నాడని ఒక్క లైను రాసి తుడిచేశాడు. (సేవకుడు అని ఫ్లెక్సీ వేయించుకోని లీడర్ మన ఊళ్లో ఎవరున్నారు లెండి.) నోట్స్ జిరాక్సులు సగం చదవరావు. పైగా ఎక్కువ మాట్లాడేవాళ్ల మీద ఆయనకి కొంచెం కోపం ఉందని నా అనుమానం. 2011లో పిజ్జా షాపుల మీద చేసిన స్టడీ ప్రకారం, కింద పనిచేసేవాళ్లు సొంతంగా ఐడియాలిచ్చే రకం అయితే తక్కువ మాట్లాడే మేనేజర్ షాపుకి లాభాలు బాగున్నాయి, చెప్పింది చేసే రకం అయితే గలగలా మాట్లాడే మేనేజరే నయం. మొదటి ముక్క గట్టిగా చెప్పి రెండో ముక్క గొణిగాడు.

సోమవారం షెడ్‌లో పదింటి టీ టైంలో ఏదన్నా ఇబ్బందుంటే చెప్పండి అని అడిగా. అందరూ గ్లాసుల్లోకి చూశారు. మంగళవారం అంతే. గురువారం మా పెయింటర్, నేను ఒకటి ఒకటి వేసినవాడే, గ్లాసు కింద పెట్టి "గ్రైండింగ్ పక్కనే రంగేయిస్తే దుమ్ము పడక ఏం పడుద్ది బాబూ, ఆరినాక మళ్లీ రుద్ది మళ్లీ వెయ్యాలి, అందుకే నాకు లేటవుద్ది, వెనక గోడవైపు జరపమని రెండేళ్ల కిందట బాబాయ్ గారికి చెప్పా, నీ పని నువ్వు చూసుకో అన్నారు" అన్నాడు. వెనక్కి జరిపాం, టార్పాలిన్ కట్టాం. అద్భుతాలేం జరగలా, ఆ వారం ఒక్క బండికి రెండోసారి రుద్దుడు తప్పింది. బాబాయ్ టార్పాలిన్ చూసి "ఇంతోటి దానికి 8,850 ఆ" అన్నాడు గానీ విప్పమనలేదు. "చేద్దాంలే బాబూ" ఇంకా వినపడుతూనే ఉంది, అది వేరే సంగతి.

వెళ్లేవాళ్లకి: మొదటి రోజుకి ఐదులో ఒకటిన్నర, అదీ గోంగూరకి. రెండో రోజుకి నాలుగున్నర. రెండో రోజు ఒక్కటే ఇస్తారా అని డెస్క్‌లో అడిగితే ప్యాకేజీ సార్, విడదీయం అన్నారు. వెళ్లే ముందు రెండో రోజు ఎవరొస్తున్నారో ఫోన్ చేసి కనుక్కోండి, వచ్చే బ్యాచ్‌కి రెండ్రోజులూ ఆ మొదటి రోజు ట్రైనరే అని విన్నా, అలా అయితే వద్దు. సర్టిఫికెట్ మీద నా ఇంటిపేరు తప్పు పడింది, మార్చి ఇవ్వడానికి 200 అడిగారు, నేనివ్వలేదు.